పైసా తీసుకోని పటం: లిఫ్ట్ ప్రయాణికులకు హిచ్‌మ్యాప్, హిచ్‌వికీ ఎంతవరకు పనికొస్తాయి?

లిఫ్ట్ అడుగుతూ ఊళ్లు తిరిగేవాళ్లను రోజూ వేధించేవి రెండే ప్రశ్నలు. ఎక్కడ నిలబడాలి? ఎంతసేపు నిలబడాల్సి రావచ్చు? ఈ రెండింటికీ అంతకుముందు అదే రోడ్డు మీద నిలబడినవాళ్ల చేత జవాబు చెప్పించే సాధనాలు హిచ్‌వికీ, హిచ్‌మ్యాప్. హిచ్‌వికీ 2005లో మొదలైంది. వికీపీడియాలో లాగే ఇందులోనూ ఎవరైనా రాయొచ్చు, దిద్దొచ్చు. దేశాలకూ నగరాలకూ విడివిడి పేజీలుంటాయి. హిచ్‌మ్యాప్ ప్రపంచ పటం మీద చుక్కలు పెట్టి చూపిస్తుంది. ఒక్కో చుక్క ఒక్కో నిలబడే చోటు. రెండింటికీ చందా కట్టనక్కర్లేదు, బుకింగ్ అనేదే లేదు, డబ్బిచ్చి ఒక చోటును పైకి తెచ్చుకునే వీలూ లేదు. వీటిని నమ్మడానికి మొదటి కారణం అదే. మీరు ఎక్కడ నిలబడినా వీటికి వచ్చే లాభమేమీ లేదు.

హిచ్‌మ్యాప్ వాడకం తేలిక. చుక్కను నొక్కితే ఆ చోటుకు వచ్చిన రేటింగు, ఎదురుచూసిన సమయం, తేదీలతో కామెంట్లు కనిపిస్తాయి. మీరు కొత్తగా రాయాలంటే పటం మీద చోటు గుర్తించి, వెళ్లిన దిక్కు చూపి, ఒకటి నుంచి ఐదు దాకా రేటింగు ఇచ్చి, ఎన్ని నిమిషాలు ఆగారో రాస్తే సరిపోతుంది.

చిక్కంతా ఆ నిమిషాల దగ్గరే వస్తుంది. ఒక చోట ముగ్గురు రాశారనుకోండి: 5 నిమిషాలు, 10 నిమిషాలు, 90 నిమిషాలు. సగటు 35. కానీ అక్కడ 35 నిమిషాలు ఆగినవాళ్లు ఒక్కరూ లేరు. పైగా మూడు గంటలు నిలబడి విసిగి బస్సెక్కినవాళ్లలో చాలామంది ఏమీ రాయరు. అందుకే అసలు నిరీక్షణ పటంలో కనిపించేదానికన్నా ఎక్కువే అనుకుని బయల్దేరాలి. సగటును వదిలేసి కామెంట్లు ఒక్కొక్కటే చదవండి. మొదట తేదీ చూడండి. బైపాస్ పడినా, కూడలి మారినా ఎప్పుడో ఇచ్చిన ఐదుకు ఐదు రేటింగుకు విలువ లేదు. తర్వాత దిక్కు చూడండి. ఉత్తరానికి పది నిమిషాల్లో బండి దొరికే చోట తూర్పుకు పూటంతా దొరక్కపోవచ్చు. చుక్కలు అన్నిచోట్లా ఒకేలా లేవు: ఐరోపాలో కిక్కిరిసి ఉంటాయి, ఆసియా, ఆఫ్రికాల్లో చాలా భాగం ఖాళీ. చుక్క లేనంత మాత్రాన అక్కడ బండి ఆగదని కాదు, ఆగిన సంగతి ఎవరూ రాయలేదంతే.

కాబట్టి చుక్కలు చదవడంతో పాటు చోటును కొలవడం కూడా రావాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. మిమ్మల్ని చూసి, ఆపాలా వద్దా అని తేల్చుకోవడానికి డ్రైవరుకు నాలుగు సెకన్లు ఇద్దాం. ఆ సమయంలో 67 మీటర్లు గడిచిపోతాయి. కుదుపు లేకుండా ఆగడానికి ఇంకో 55 మీటర్ల దాకా పడుతుంది. అంటే కనీసం 120 మీటర్ల ముందు నుంచే మీరు కనిపించాలి. వేగం 90 అయితే ఈ లెక్క సుమారు 225 మీటర్లకు పోతుంది. మలుపు దాటగానే నిలబడితే ఎంత మంచివాడికైనా ఆపే వ్యవధి ఉండదు. అందుకే సిగ్నల్ దాటాక, రౌండ్‌అబౌట్ నుంచి బయటికొచ్చే దారిలో, బళ్లు ఇంకా వేగం అందుకోని చోట నిలబడతారు. మీకు కొంచెం ముందు, వెనక వచ్చే బళ్లకు అడ్డం రాకుండా ఆపుకునే జాగా కూడా ఉండాలి. చుక్క ఉన్నా జాగా లేకపోతే అక్కడినుంచి కదలండి.

హిచ్‌వికీ అసలు సత్తా నగరాల పేజీల్లో ఉంది. లిఫ్ట్ ప్రయాణంలో కష్టమైన పని ఊరు దాటడం. నగరం నడిబొడ్డున నిలబడితే ఆగే బళ్లన్నీ రెండు వీధుల అవతలికి పోయేవే. ఏ బస్సెక్కి ఏ ఆఖరి స్టాపులో దిగి ఎటు నడిస్తే హైవే ఎక్కే దారి వస్తుందో మంచి పేజీ వివరంగా చెబుతుంది. బస్సు నంబర్లు మారిపోతుంటాయి కాబట్టి వాటిని విడిగా సరిచూసుకోవాలి. చాలా దేశాల్లో మోటార్‌వే మీద, అంటే వేగంగా పోయే బళ్లకే కేటాయించిన పెద్ద హైవే మీద, నడవడం చట్టవిరుద్ధం. అక్కడ హైవే ఎక్కే దారి మొదట్లోనో, దారిలోని పెట్రోల్ బంకులోనో అడగాలి. బంకులో లిఫ్ట్ కోసం బొటనవేలు చూపడం కన్నా దగ్గరికెళ్లి నమస్కరించి అడగడమే నయం. ముఖం చూసి మాట్లాడే అవకాశం ఇద్దరికీ దొరుకుతుంది. దేశాల పేజీల్లో ఇంకో విలువైన సంగతి ఉంటుంది: ఎక్కడ సైగ మార్చాలో. ఇరాన్‌లో బొటనవేలు పైకెత్తితే తిట్టుగా తీసుకోవచ్చు. దానికి బదులు అరచేయి కిందికి ఆడిస్తారు. డ్రైవర్లు డబ్బు ఆశించే ప్రాంతాలూ ఉన్నాయి. అక్కడ ఎక్కకముందే, డబ్బివ్వలేనని చెప్పాలి. దిగేటప్పుడు చెబితే అది మోసం.

పోలండ్‌లో 1958లో లిఫ్ట్ ప్రయాణికులకు కూపన్ల పుస్తకం ప్రవేశపెట్టారు. ప్రయాణికుడు దూరాన్ని బట్టి కూపన్లు చించి డ్రైవరుకిచ్చేవాడు, కూపన్లు ఎక్కువ పోగుచేసిన డ్రైవర్లకు బహుమతులుండేవి. ఇప్పుడు మీ చేతిలో అలాంటి కూపను లేదు. ఆపినవాడికి దక్కేది మీ తోడు, మీ మాట. బండెక్కి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాళ్లు ఆ కాస్త కూడా ఎగ్గొడుతున్నారు. ఈ పటంలో లోటని గట్టిగా చెప్పాల్సింది కూడా ఇక్కడే: నిమిషాలకు గడి ఉంది గానీ, ఎక్కాక ప్రయాణం ఎలా సాగిందో రాయడానికి విడిగా చోటు లేదు. రెండు గంటలు ఆగి, తర్వాత నాలుగు గంటలు మనసు విప్పి మాట్లాడుకున్న రోజు కూడా ఇక్కడ చెడ్డ చోటుగానే నమోదవుతుంది. ఖర్చు తగ్గించుకోవడం ఒక్కటే ధ్యేయమైతే ప్రతి నిమిషమూ నష్టంగానే తోస్తుంది, మంచి చుక్క కోసం చోట్లు మారుస్తూనే పొద్దుపోతుంది.

విచిత్రంగా అనిపించినా, డబ్బు ధ్యాస లేకుండా తిరగాలంటే జేబులో బస్సు చార్జీ ఉండి తీరాలి. అది ఉంటేనే నచ్చని బండిని వద్దనగలరు. చీకటి పడేలోగా ఏదో ఒకటి ఎక్కక తప్పదన్న స్థితిలో మనిషి తన అనుమానాన్ని తనే నొక్కేసుకుంటాడు. సూర్యాస్తమయానికి గంట ముందు దాకా చూసి, దొరక్కపోతే బస్సెక్కాలని పొద్దున్నే నిర్ణయించుకోండి. హిచ్‌మ్యాప్‌కు చోటు తెలుసు గానీ డ్రైవరు తెలియదు. ఆ పని మీదే. మీరు ఎక్కడికో చెప్పకముందే ఆయన ఎక్కడికి వెళ్తున్నాడో అడగండి. అప్పుడు వద్దనుకుంటే తప్పుకోవడం సులువు. నంబరు ప్లేటు ఎవరికైనా పంపండి. ఫోను, పాస్‌పోర్టు, డబ్బు ఉన్న చిన్న సంచి ఒళ్లోనే ఉండాలి, డిక్కీలోకి వెళ్లకూడదు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు రేటింగును అసలు లెక్కలోకి తీసుకోవద్దు. చాలా కామెంట్లలో రాసింది ఎవరో, ఒంటరిగా ఉన్నారో జంటగా ఉన్నారో తెలియదు.

రాత్రి బస కోసం వీటికి జోడీగా 2014లో మొదలైన ట్రస్ట్‌రూట్స్ చూడొచ్చు; సభ్యులు ప్రయాణికులకు తమ ఇంట్లో చోటిచ్చే వెబ్‌సైటు ఇది. అది కూడా ఉచితం, లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. ఇలాంటిదే అయిన, 2004లో వచ్చిన కౌచ్‌సర్ఫింగ్ 2011లో లాభాల సంస్థగా మారి 2020లో చందా పెట్టింది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. అయితే ట్రస్ట్‌రూట్స్‌లో సభ్యులు తక్కువ, చిన్న ఊళ్లలో ఎవరూ దొరక్కపోవచ్చు.

కొత్తగా మొదలుపెట్టి, రోజుకు 200 కిలోమీటర్లకు మించి వెళ్లాలనుకోనివాళ్లకు ఇవి చాలా బాగా పనిచేస్తాయి. ఫలానా గంటకు ఫలానా చోట ఉండి తీరాల్సినవాళ్లు రైలెక్కడం మంచిది. ఫోన్ సిగ్నల్ లేని చోట పటం తెరుచుకోదు కాబట్టి ఆ రోజు దారిలోని చుక్కలను ముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. డ్రైవర్లకు చూపడానికి పట్టుకునే అట్ట మీద ఆఖరి గమ్యం కాకుండా దారిలో వచ్చే పెద్ద ఊరి పేరు, అక్షరం పది సెంటీమీటర్ల ఎత్తు, గీత రెండు సెంటీమీటర్ల మందం ఉండేలా రాయండి. దిగాక మీ వంతు రాయడం మరవొద్దు. బండి దొరక్క వెనుదిరిగితే అది మరీ ముఖ్యంగా రాయండి: ఏ దిక్కుకు, ఏ వేళ, ఎంతసేపు, నీడ ఉందా, బండి ఆగే జాగా ఉందా.