ఓడియన్ బోర్డు లేని ఓడియన్లు

లండన్ వెళ్లిన మనవాళ్లు లెస్టర్ స్క్వేర్‌లో ఓడియన్ సినిమా హాలు ముందు ఒక ఫోటో దిగకుండా రారు. దిగండి, బాగుంటుంది. కానీ ఈ సినిమా హాళ్ల కంపెనీ ఎలా వెలిగిందో, ఎలా చితికిందో చూడాలని ఉంటే మాత్రం దాన్ని ఆఖరున పెట్టుకోండి. ఓడియన్ చేతుల్లోంచి జారిపోయిన హాళ్లే ఇంకా చూడబుద్ధేసేలా ఉన్నాయి. నేను, మా ఆయన తిరిగి చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది.

మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది కాబట్టి అక్కడ బస ఖర్చు లేదు. ఓడియన్ పుట్టిందీ ఆ ఊళ్లోనే. హంగరీ మూలాలున్న యూదు కుటుంబంలో, పాత ఇనుము వ్యాపారి కొడుకుగా పుట్టిన ఆస్కర్ డాయిచ్ 1930లో పెరీ బార్‌లో ఓడియన్ పేరుతో మొదటి హాలు తెరిచాడు. 1937 కల్లా దేశమంతటా అవి 250 దాకా అయ్యాయి. ఒక్కో హాలుకు విడిగా ఒక కంపెనీ పెట్టి, ఆ ఊరి డబ్బున్నవాళ్ల చేత వాటాలు కొనిపించడం అతని పద్ధతి. ఊరి నడిబొడ్డున ఖరీదైన స్థలం కోసం పోకుండా, కొత్తగా ఇళ్లు లేస్తున్న శివార్లు పట్టుకున్నాడు. లోపల రంగులు, తివాచీలు, అలంకరణ సంగతి భార్య లిలీ చూసుకునేది.

ఆ మొదటి హాలు చూసి నీరసం వచ్చింది. 1969లో సినిమాలు ఆపేశారు, తర్వాత బింగో (మన తంబోలా లాంటి జూదం) ఆడించారు, ఆ తర్వాత పెళ్లిళ్లకీ విందులకీ అద్దెకిచ్చే హాలు చేశారు. ముందు భాగం కూడా మార్చేయడంతో పాత పోలిక పట్టడం కష్టం. "మన దగ్గర థియేటర్ పడగొట్టినా బస్టాప్‌కి ఆ పేరే ఉంటుంది, ఇక్కడ అదీ లేదు" అన్నారు మా ఆయన. దీని కోసం పనిగట్టుకుని వెళ్లక్కర్లేదు.

బర్మింగ్‌హామ్‌లోనే ఉన్న కింగ్‌స్టాండింగ్‌కి మాత్రం వెళ్లండి. సిటీ బస్సుకి డే టికెట్ తీసుకుంటే ఎన్నిసార్లు దిగి ఎక్కినా అదే చాలు. పెద్ద రౌండ్ అబౌట్ దగ్గర దిగగానే ఎదురుగా కనిపిస్తుంది. 1935లో ఆర్కిటెక్ట్ హ్యారీ వీడన్ ఆఫీసులో పనిచేసే సెసిల్ క్లావరింగ్ అనే కుర్రాడు గీసిన డిజైన్ ఇది. లేత మీగడ రంగు పలకలు తాపడం చేసిన ముఖభాగం, దాని మీద నుంచి నిలువుగా పైకి లేచిన మూడు సన్నని రెక్కలు. పక్కకి వచ్చి చూస్తే ఆ పలకలు ముందువైపే, వెనకంతా మామూలు ఇటుక గోడే. అంటే ఖర్చు రోడ్డు మీద వెళ్లేవాళ్లకి కనిపించే వైపే పెట్టారన్నమాట! బోర్డు చదవకుండానే ఇది ఓడియన్ అని జనం గుర్తుపట్టాలన్నది లెక్క. 1962లోనే దీన్ని బింగోకి మార్చారు. మేం లోపలికి వెళ్లలేదు, బయట నుంచి చూస్తేనే వచ్చిన పని అయిపోతుంది.

పతనం గురించి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మిగతా ఊళ్లు అర్థం కావు. డాయిచ్ 1941లో కేన్సర్‌తో పోయాడు, 48 ఏళ్లకే. కంపెనీ పిండి మిల్లుల కుటుంబానికి చెందిన జె. ఆర్థర్ ర్యాంక్ చేతికి వెళ్లింది. 1946లో బ్రిటన్‌లో 163 కోట్ల సినిమా టికెట్లు తెగాయి. 1984కి అది 5.4 కోట్లకు పడిపోయింది. టీవీ వచ్చింది, జనం శివార్లు దాటి ఇంకా దూరం వెళ్లిపోయారు. 1960 జూద చట్టం బింగోకి తలుపులు తెరిచాక, ర్యాంక్ కంపెనీ తన హాళ్లను తానే బింగో క్లబ్బులు చేసుకుంది. 1970లలో మిగిలిన వాటిని చీల్చారు. బాల్కనీ ముందు పెద్ద తెర అలాగే ఉంచి, బాల్కనీ కింద గోడ కట్టి రెండు బుల్లి హాళ్లు తీశారు. 2000లో ర్యాంక్ అమ్మేసింది, ఆ తర్వాత చేతులు మారుతూ 2016లో అమెరికా కంపెనీ ఏఎంసీకి చేరింది. పేరు ఇప్పటికీ పెద్దదే. కానీ దాని కింద నడుస్తున్నవి ఎక్కువగా మల్టీప్లెక్సులే.

స్కార్‌బరో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, బర్మింగ్‌హామ్ నుంచి వెళ్తే యార్క్‌లో రైలు మారాలి. ఇద్దరు కలిసి తిరిగేట్టయితే టూ టుగెదర్ రైల్‌కార్డ్ తీసుకోండి, మూడో వంతు తగ్గుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9.30 దాటాకే పనిచేస్తుంది, అదొక్కటి గుర్తుంచుకోవాలి. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగానే 1936 నాటి ఓడియన్. 1988లో మూతపడి, 1996లో స్టీఫెన్ జోసెఫ్ థియేటర్‌గా తెరుచుకుంది. లోపల నాలుగు వైపులా ప్రేక్షకులు కూర్చునే 404 సీట్ల నాటకశాల ఒకటి, సినిమాలు కూడా వేసే చిన్న హాలు ఇంకొకటి. నేను చూసిన వాటిలో ఇంత మర్యాదగా బతికిస్తున్న భవనం ఇదే. కౌంటర్లో అమ్మాయి టికెట్ కొనమని అడగకుండానే ఏది ఎక్కడుందో ఓపిగ్గా చెప్పింది. బస ఒక పాత గెస్ట్‌హౌస్‌లో. లిఫ్ట్ లేదు, సూట్‌కేస్ మూడో అంతస్తుకి మోసేసరికి మోకాళ్ల పని అయింది. పొద్దున్నే సముద్రపు కాకుల గోల. గది శుభ్రంగా ఉంది, మాంసం లేని టిఫిన్ కావాలని ముందురోజే చెబితే పుట్టగొడుగులు, బీన్స్, టోస్ట్ వేడిగా పెట్టారు. ఆ డబ్బుకి నాకేం ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు లండన్ హోటల్ మీదే. లెస్టర్ స్క్వేర్‌కి నడిచిపోయే దూరం కదా అని ఒక గది బుక్ చేశాం. కిటికీ లేదు. మంచం పక్క నుంచి ఒకరు నడుస్తుంటే ఇంకొకరు మంచమెక్కి కూర్చోవాలి. ఒక్క రాత్రికే చాలనిపించి ఈస్ట్ హామ్‌కి మారిపోయాం. అక్కడ తెల్లారితే ఇడ్లీ దొరుకుతుంది, ట్యూబ్ (లండన్ మెట్రో) ఉంది, ఖర్చూ తక్కువ. బార్కింగ్ రోడ్డులో 1938 నాటి ఓడియన్ ఒకటి ఉంది. 1981లో ఓడియన్ వదిలేసి వెళ్లిపోతే, 1995లో బోలిన్ సినిమా పేరుతో మన దేశపు సినిమాలు వేస్తూ మళ్లీ లేచి కొన్నేళ్లు నడిచింది.

ఇక లెస్టర్ స్క్వేర్. 1937 నవంబర్ 2న తెరిచారు. నల్ల గ్రానైట్ ముఖం, 120 అడుగుల టవర్, రాత్రి వెలిగే నీలం అక్షరాలు. వీటికి వంక పెట్టలేం. అప్పట్లో హాల్లో వాయించే కాంప్టన్ ఆర్గన్ వాద్యం కూడా ఇంకా ఉంది. కానీ 1967లో ఆధునికంగా చేస్తామని లోపలి అసలు అలంకరణ చాలావరకు తీసిపారేశారు, గోడల మీది ఎగిరే బొమ్మల్ని తర్వాత మళ్లీ చేయించాల్సి వచ్చింది. మొదట రెండు వేలు దాటిన సీట్లు 2018 మరమ్మతుల తర్వాత 800 అయ్యాయి. అప్పట్లో మంచి సీటు 40 పౌండ్లు దాటిందని పేపర్లకెక్కింది. డాల్బీ సౌండ్, వెనక్కి వాలే కుర్చీ బాగానే ఉన్నాయి. అయితే ఆ సౌకర్యం హైదరాబాద్‌లో కూడా దొరుకుతుంది.

లండన్‌లోనే ఉన్న మజ్‌వెల్ హిల్ హాల్లో కనిపించేది మాత్రం అక్కడ దొరకదు. ఆర్కిటెక్ట్ జార్జ్ కోల్స్ 1936లో కట్టిన ఓడియన్ ఇది, 2015 నుంచి ఎవ్రీమన్ అనే ఇంకో సినిమా హాళ్ల కంపెనీది. ఎదురుగా చర్చి ఉందని, అటువైపు ఆడంబరం లేకుండా కట్టారు. లోపలికి వెళ్లండి, గుండ్రటి హాలు దాటి సీట్లోకి చేరి తల పైకెత్తండి. సీలింగ్ మధ్యలో దీపాల పట్టీ మీ తల మీదుగా తెర దాకా దిగుతుంది. మేం ఆటకి ముందే వెళ్లి, లైట్లు ఆరేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాం. సోఫా సీట్లు, తిండి సీటు దగ్గరికే తెస్తారు. ధర ఎక్కువే, అయినా ఖర్చు పెట్టిన చోట్లలో నాకు బాధ లేనిది ఇదొక్కటే.

లండన్‌లోనే టూటింగ్‌లో ఉన్న గ్రనాడా హాలు ఓడియన్‌కి పోటీ కంపెనీ కట్టింది, అయినా వదలకండి. 1931 హాలు, లోపలి అలంకరణ నాటక దర్శకుడు థియోడర్ కొమిసార్జెవ్‌స్కీది. గోతిక్ తోరణాలు, అద్దాల వసారా, గోడ మీద మధ్యయుగపు మనుషులు. వాటి మధ్య కూర్చుని జనం బింగో ఆడుతుంటారు. 18 ఏళ్లు నిండాలి, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. దీని అప్పటి యజమాని సిడ్నీ బెర్న్‌స్టీన్ తెలివైనవాడు. టీవీ తన హాళ్లను ముంచుతుందని ఏడుస్తూ కూర్చోకుండా తనే గ్రనాడా టెలివిజన్ పెట్టాడు.

లండన్‌లో ఒక్కరోజే ఉంటే ట్యూబ్‌లో నార్తర్న్ లైన్ ఒక్కటి చాలు. ఈస్ట్ ఫించ్లీలో దిగి బస్సులో మజ్‌వెల్ హిల్, మధ్యాహ్నం లెస్టర్ స్క్వేర్ బయట నుంచి, సాయంత్రం టూటింగ్ బ్రాడ్‌వే. కెన్నింగ్టన్‌లో రైలు మారాల్సి రావచ్చు. కార్డు ట్యాప్ చేస్తూ తిరగండి, రోజు పరిమితి దాటి డబ్బు కట్ అవదు. రాత్రి భోజనం టూటింగ్‌లోనే చేసెయ్యండి, దోసె, సాంబారు హోటళ్లు బోలెడు.