కిరాయి ఇవ్వని మనిషి, అదాలత్‌లో దొరికిన సాయం

పై పోర్షన్ కిరాయి మీదే ఇల్లు గడిచే ఆడవాళ్లు హన్మకొండలో చాలామంది ఉన్నారు. నేనూ అంతే. కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థ సంగతి వాళ్లకు తెలియాలని రాస్తున్నాను.

మాది నయీంనగర్. మా ఆయన పోయాక నెలనెలా చేతికొచ్చేవి ఆ 9,000 రూపాయలే. కిరాయికున్నాయన మొదట్లో బాగానే ఇచ్చాడు. తర్వాత "వచ్చే నెల కలిపి ఇస్తా అక్కా" అన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశాడు. ఐదు నెలల బాకీ. ఖాళీ చేయమంటే, "కోర్టుకు పోండి, ఏండ్లు పడుతుంది" అని నా ముఖం మీదే అన్నాడు. బీపీ మాత్రలు కూడా ఉద్దెర తెచ్చుకునే పరిస్థితి వచ్చింది. వాడకట్టు వాళ్లేమో మోటారు బంద్ చెయ్యి, కరెంటు తీసెయ్యి అన్నారు. ఆ పని మాత్రం చేయకండి. తప్పు మన మీదికే వస్తుంది.

న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 1987 నాటి చట్టంలోనే ఆ హక్కు ఉంది. నాకు ఇచ్చిన వకీలమ్మ కాగితాలన్నీ చూసి విషయం విడమరిచి చెప్పింది. కార్పొరేషన్ పరిధిలో కిరాయి 3,500 దాటింది కాబట్టి తక్కువ కిరాయి ఇళ్ల తగాదాలు చూసే రెంట్ కంట్రోల్ కోర్టు కాదు, మామూలు సివిల్ కోర్టుకు పోవాలి. నెలవారీ కిరాయి అయితే ముందు 15 రోజుల గడువుతో ఖాళీ నోటీసు ఇవ్వాలి. దావా వేసేముందు, ఇద్దరికీ రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి చూద్దామంది. దానికి కోర్టు ఫీజు లేదు.

అదాలత్ నోటీసు వెళ్లాక కిరాయికున్నాయన అక్కడికి వచ్చాడు. బెంచిలో కూర్చున్న మేడమ్ గొంతు పెంచలేదు. ఆయన కష్టం కూడా పూర్తిగా విన్నది. తర్వాత, "ఏ తారీఖున ఎంత ఇస్తావో నువ్వే చెప్పు" అని అడిగి, ఆయన నోటితోనే చెప్పించి రాయించింది. నాకు ఎక్కువ నచ్చింది ఇదే. నా ఇంటి ముందు అంత గట్టిగా మాట్లాడిన మనిషి అక్కడ తలవంచుకొని సంతకం పెట్టాడు. అడ్వాన్స్ బాకీలో పట్టుకొని, మిగిలింది మూడు వాయిదాల్లో ఇచ్చి ఖాళీ చేయాలని రాసుకున్నాం. అలాగే జరిగింది.

అలా రాసుకున్న రాజీ కాగితాన్ని అవార్డు అంటారు. దానికి సివిల్ కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. ఒప్పుకున్న మనిషి మాట తప్పినా మళ్లీ దావా వేయక్కర్లేదు, ఆ కాగితాన్నే కోర్టులో అమలు చేయించుకోవచ్చు.

ఒకటి మాత్రం తెలుసుకొని వెళ్లండి. ఇది ఇద్దరూ ఒప్పుకుంటేనే తెగే పంచాయితీ. అవతలి మనిషి రాకపోయినా, వచ్చి ససేమిరా అన్నా బలవంతంగా ఖాళీ చేయించరు. అప్పుడు సివిల్ దావానే దారి, టైమ్ పడుతుంది. దానికీ వకీలును వాళ్లే ఇస్తారు.

కిరాయి అగ్రిమెంటు, కిరాయి జమైన బ్యాంకు పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదు, ఆధార్ జిరాక్స్ పట్టుకెళ్లండి. ముందుగా అడగాలనుకుంటే 15100 నంబరుకు ఫోన్ చేయండి.