బేస్‌మెంట్ సీలింగ్ చేయిస్తున్నారా? డ్రైవాల్ (జిప్సం బోర్డు) మూసే ముందు ఇది చదవండి

న్యూజెర్సీలో ఇల్లు కొని బేస్‌మెంట్ పని పెట్టుకోబోతున్న మనవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

పోయినేడాది వేసవిలో బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ కట్టించుకున్నాం. పలకల డ్రాప్ సీలింగ్ వేస్తే ఆఫీసులా ఉంటుందని ట్రే సీలింగ్ కావాలన్నాం. అంటే చుట్టూ అంచు కిందికి దిగి, మధ్య భాగం పైకి ఉంటుంది. అంచు లోపల ఎల్ఈడీ లైట్లు. చూడటానికి నిజంగా బాగుంది, కాదనను.

వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్తే వచ్చిన కాంట్రాక్టర్, మన తెలుగాయనే. టౌన్ పర్మిట్ సంగతి అడిగితే, "ఎందుకు సార్, టౌన్ వాళ్లొస్తే పని లేటవుద్ది, పైగా టాక్స్ పెరుగుద్ది" అన్నాడు. సరే అన్నాం. అక్కడే పొరపాటు చేశాం. కాంట్రాక్టు కూడా లేదు, అంతా మెసేజుల్లోనే.

అక్టోబరు చివర్లో పెరటి కుళాయి వాల్వ్ కట్టేద్దామని కిందికి వెళ్తే అది కనిపించలేదు. చలి మొదలవక ముందే లోపలి వాల్వ్ కట్టేసి, బయటి కుళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్లు వదిలేయాలి కదా, లేకపోతే అవి గడ్డకట్టి పైపు పగులుతుంది. మా వాల్వ్ మీద డ్రైవాల్ కొట్టేశారు. ఫోన్ చేస్తే, "ఏం కాదు సార్, ఇన్సులేషన్ పెట్టాను" అన్నాడు. నమ్మాం.

జనవరిలో గట్టి చలి పట్టి, తగ్గిన రెండో రోజు పొద్దున కిందికి దిగితే ముక్కిన వాసన. సీలింగ్ మీద కంచమంత గోధుమరంగు మరక. వేలితో నొక్కితే బోర్డు తడిసిన రస్కులా లోపలికి పోయింది. గోడ దగ్గర గడ్డకట్టిన పైపు పగిలి, రాత్రంతా నీళ్లు కారాయి. ఆ వాల్వ్ అందదు కాబట్టి ఇల్లు మొత్తానికి మెయిన్ కట్టేయాల్సి వచ్చింది. కార్పెట్, సోఫా, స్పీకర్లు, అన్నీ పోయాయి.

బోర్డు కోయించాక ఇంకో భయంకరమైన సంగతి బయటపడింది. లోపల నాలుగు జంక్షన్ బాక్సులు, అంటే కరెంటు వైర్లు కలిపే డబ్బాలు, మూసేసి ఉన్నాయి. ఒకదానికి మూత కూడా లేదు, వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేశారు. గోడనో సీలింగ్‌నో పగలగొట్టకుండా బాక్సు తెరవగలిగేలా ఉండాలని నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ స్పష్టంగా చెబుతుంది. వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒక్క మాట మాట్లాడకుండా ముందు బ్రేకర్ ఆపేశాడు. ఆ గదిలో పిల్లలు రాత్రిళ్లు సినిమాలు చూసేవాళ్లు. తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

పర్మిట్ తీసుకుంటే డ్రైవాల్ మూయకముందే ఇన్‌స్పెక్టర్లు వచ్చి వైరింగ్, ప్లంబింగ్ చూస్తారు. ఆ బాక్సులు ఆ రోజే దొరికిపోయేవి. న్యూజెర్సీలో ఇంటి పనులు చేసే కాంట్రాక్టర్ కన్స్యూమర్ అఫైర్స్ డివిజన్‌లో రిజిస్టర్ అయి ఉండాలి, నంబరు 13వీహెచ్ అని మొదలవుతుంది. ముందు అది అడగండి. 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వక కాంట్రాక్టు తప్పనిసరి. సంతకమైన కాపీ చేతికొచ్చాక మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు కూడా మీకుంది. మాకు ఇవేవీ అప్పుడు తెలియవు.

ఇప్పుడు పర్మిట్ తీసుకుని మళ్లీ చేయిస్తున్నాం. థియేటర్ మీద మాత్రమే డ్రైవాల్, వాల్వ్ దగ్గర చిన్న తలుపులాంటి యాక్సెస్ ప్యానెల్. మిగతా చోట జాయిస్టులు (పై అంతస్తును మోసే దూలాలు), డక్టులు (గాలి గొట్టాలు) అలాగే వదిలేసి నల్లటి డ్రైఫాల్ పెయింట్, అంటే స్ప్రే చేస్తే తుంపర కింద పడేలోపే పొడిగా మారే రంగు, కొట్టిస్తున్నాం. అంగుళం ఎత్తు కూడా తగ్గదు, పైపులన్నీ కంటికి కనిపిస్తాయి. పిల్లలకు ఇదే ఎక్కువ నచ్చింది. బేస్‌మెంట్‌కి ఎత్తు బాగా ఉన్నవాళ్లు డ్రాప్ సీలింగే వేసుకోండి. మూడు, నాలుగు అంగుళాలు పోయినా, ఏ పలకైనా ఎత్తి లోపల చూసుకోవచ్చు. డ్రైవాలే కావాలంటే, మూసే ముందు రోజు టేపు పట్టి కొలతలు కనిపించేలా సీలింగ్ మొత్తం వీడియో తీసి పెట్టుకోండి.

ఇప్పటికే సీలింగ్ మూసేసినవాళ్లు ఈ వారాంతం కిందికి వెళ్లి బయటి కుళాయి వాల్వ్ చేతికి అందుతోందో లేదో చూడండి. అందకపోతే చలి రాకముందే అక్కడ బోర్డు కోయించండి.