ఫిజియోలకి ఎర్గోనామిక్స్ ట్రైనింగ్: ఏడాది పైగా వాడి చూశాక

కూకట్‌పల్లి సైడ్ ఒక క్లినిక్‌లో ఫిజియోని. మాన్యువల్ థెరపీ (చేతులతో నొక్కి, కదిపి చేసే ట్రీట్‌మెంట్) చేసేవాళ్ళ కోసం పెట్టిన వీకెండ్ ఎర్గోనామిక్స్, అంటే మన ఒళ్ళు పాడవకుండా పని చేసే పద్ధతుల వర్క్‌షాప్‌కి వెళ్ళొచ్చి ఏడాది దాటింది, అప్పుడే రివ్యూ రాసుంటే "సూపర్" అనేదాన్నేమో, రోజూ పేషెంట్ల మీద వాడాకే కదా ఏది నిలబడిందో తెలిసేది.

థియరీ బోరు, కాలేజీలో విన్నదే. ప్రాక్టికల్‌కి మాత్రం పెట్టిన డబ్బులు వచ్చేశాయి. మైట్‌లాండ్ పద్ధతిలో (జాయింట్లని గ్రేడుల వారీగా చేత్తో కదిపే పద్ధతి) నడుం మీద పీఏ గ్లైడ్, అంటే వెన్నుపూసని వెనక నుంచి ముందుకి నొక్కడం, చేసేటప్పుడు, అదీ బిగుతు దాకా నొక్కే గ్రేడ్ 3, 4 అయితే, మనలో చాలామంది రెండు బొటనవేళ్ళతోనే తోస్తాం, వేలు వెనక్కి విల్లులా వంగిపోయి భారమంతా దాని మొదట్లో ఉన్న సీఎంసీ జాయింట్ మీద పడుతుంది. ఇక్కడ నేర్పింది ఏంటంటే, వెతకడానికే వేలు, నొక్కడానికి అరచేతిలో చిటికెనవేలి వైపు మణికట్టు దగ్గరుండే పిసిఫార్మ్ ఎముక. భుజాలు చేతులకి సరిగ్గా పైన, ఒక కాలు ముందుకి, బలం చేతుల్లోంచి కాదు ఒంటి బరువులోంచి. పిక్కలకి, తొడ వెనక కండకి అయితే ముంజేయి. పేషెంట్లు మాత్రం ఊరుకోరు, "అదేంటమ్మా మోచెయ్యి పెడుతున్నావ్, వేళ్ళతో గట్టిగా నొక్కు" అంటారు, అందుకే ఇప్పుడు ముందే చెప్పి మొదలెడతా. సాయంత్రం ఇంటికెళ్ళి బాటిల్ మూత తిప్పితే బొటనవేలి దగ్గర లాగే నొప్పి మెల్లగా తగ్గింది, ఇప్పుడు దాదాపు లేదు.

బెడ్ ఎత్తు సంగతే చిరాకు. చేతులు కిందికి వదిలి నిలబడితే పిడికిలి దగ్గరికి రావాలి, గట్టిగా నొక్కే పనైతే ఇంకా కిందికి దించుకోవాలి అన్నారు. బానే ఉంది, కానీ మా దగ్గర ఎత్తు మార్చుకునే బెడ్ ఒక్కటే, మిగతావన్నీ వెల్డింగ్ షాపులో చేయించినవి. నేను పొట్టి, చెక్క పీట వేయించుకుని దాని మీద నిలబడుతున్నా, ఒక్కోసారి జరిగేటప్పుడు కాలు జారుతుంది కూడా.

హోమ్ విజిట్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు, ఇది పెద్ద మైనస్. ఇళ్ళల్లో అన్నీ కిందికుండే దివాన్ కాట్లే. భుజం కేసైతే డైనింగ్ కుర్చీలో కూర్చోబెట్టేస్తా, నడుం కేసైతే ఒక మోకాలి కింద దిండేసుకుని చేస్తా, ఇవి సొంతంగా కనిపెట్టుకున్నవే.

ఒళ్ళు ఎక్కువ అలిసే కేసు తర్వాత తేలిక కేసు పెట్టుకోమన్నారు, రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగితే "పేషెంట్ అడిగిన స్లాటే ఇస్తా మేడమ్" అంటుంది. అలా నడుం పేషెంట్లు వరసగా పడ్డ రోజు నా నడుం ఇప్పటికీ పట్టేస్తుంది.

కొత్తగా ప్రాక్టీస్ మొదలెట్టినవాళ్ళు కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు, వీలైతే క్లినిక్ ఓనర్‌ని కూడా లాక్కెళ్ళండి, బెడ్లు కొనాల్సింది ఆయనే కదా.