నీల్ దీవిలో మూడు రోజులు: గడియారం కాదు, ఆటుపోట్లు చూసుకోండి

"ఇంట్లోంచి రోజూ కనిపించే సముద్రమేగా, ఇంత డబ్బు పోసి మళ్ళీ సముద్రానికేనా?" విశాఖ పెదవాల్తేరులో ఆటో ఎక్కేదాకా అత్తయ్యగారిది ఇదే మాట. సంక్రాంతి వెళ్ళిన వారానికి నేను, మా ఆవిడ, అత్తయ్యగారు బయల్దేరాం.

నీల్ ఉండేది అండమాన్‌లో. అక్కడికి విశాఖ పోర్టు నుంచి ఓడ ఉంది గానీ రోజూ ఉండేది కాదు, పైగా రెండు మూడు రోజుల ప్రయాణం. చెన్నై మీదుగా విమానమే నయం అనుకున్నాం. పోర్ట్‌బ్లెయిర్ 2024లో శ్రీవిజయపురం అయింది, నీల్ 2018లోనే షహీద్ ద్వీప్ అయింది. టికెట్ల మీద కొత్త పేర్లు చూసి కంగారు పడకండి. జెట్టీకి తీసుకెళ్ళిన ఆటో అతను అచ్చం శ్రీకాకుళం యాసలో "ఏ ఊరండీ మీది?" అనేసరికి అత్తయ్యగారి మొహం విప్పారింది. అక్కడ మనవాళ్ళు చాలామందే ఉన్నారు.

మేం బుక్ చేసిన ప్రైవేటు ఫెర్రీ, చెప్పాపెట్టకుండా రెండు గంటలు ఆలస్యమైంది. ఎక్కాక మాత్రం గంటన్నరలో దిగాం. ప్రభుత్వ ఫెర్రీ బాగా చవక, కాకపోతే టికెట్ దొరకాలి.

దీవి చిన్నది, దాదాపు చదును. సైకిల్ మీద తిరిగేయొచ్చు. భరత్‌పూర్ బీచ్‌లో నీళ్ళు చెరువులా ఉన్నాయి. పగడపు దిబ్బలు అలల్ని బయటే ఆపేస్తాయి. ఆర్కే బీచ్‌లో మోకాలు దాటి దిగని అత్తయ్యగారు ఇక్కడ నడుం లోతులో అరగంట కూర్చున్నారు. లక్ష్మణ్‌పూర్ దగ్గరి రాతి వంతెనకి మాత్రం మొదటి రోజు ఊరికే వెళ్ళొచ్చాం. పోటు మీద ఉంది, దారంతా నీళ్ళే. ఆటు వేళకే, అంటే నీళ్ళు తగ్గినప్పుడే వెళ్ళాలి, ఆ వేళ రోజుకి ముప్పావుగంటకి పైగా ఆలస్యమవుతూ పోతుంది. గట్టి చెప్పులు లేకపోతే పగడపు ముక్కలు కాళ్ళు కోసేస్తాయి.

ఇంకోటి, సాయంత్రం ఐదుంపావు దాటగానే సూర్యుడు దిగిపోతాడు. టైమేమో మనదే, దీవేమో మనకి బాగా తూర్పున. భోజనం చేసి కునుకు తీసి వెళ్దామంటే చీకటే.

మొదటి రాత్రి దిగిన రిసార్టు "సీ వ్యూ" అంటే రెండు కొబ్బరిచెట్ల సందులోంచి మెడ చాపి చూడాలి. జనరేటర్ మాత్రం కిటికీ పక్కనే. మర్నాడే ఒక బెంగాలీ కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌కి మారిపోయాం. సగం ధర, శుభ్రమైన గది, ఆవపిండి వేసిన చేపల కూర. మళ్ళీ వెళ్తే అక్కడికే.

జనవరిలోనూ ఉక్కపోతగానే ఉంటుంది, అది మనకి అలవాటే. వాన మాత్రం మన లెక్క కాదు. మన దగ్గర ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు పడితే అక్కడ మూడు వేల దాకా. మే నెల మధ్యనుంచే మొదలు, అప్పుడు సముద్రం బాగోలేకపోతే ఫెర్రీలు ఆగిపోతాయి. జనవరి నుంచి ఏప్రిల్ లోపు చూసుకోండి, తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

పగడాలు ఏరి తేవడం నేరం. అత్తయ్యగారు కొంగున ముడేసుకున్న తెల్ల ముక్కని జెట్టీ మెట్ల మీదే విప్పించి నీళ్ళలో వేయించాను. విశాఖ వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.