స్టీఫెన్ కింగ్: ముందు షైనింగా, పెట్ సెమెటరీయా, మిజరీనా?

మా అక్క కూతురు కడపలో డిగ్రీ చదువుతోంది. మొన్న సెలవులకొచ్చి, "మామా, స్టీఫెన్ కింగ్ పుస్తకాల్లో ముందు ఏది చదవాల?" అని అడిగింది. ఆయన అమెరికా హారర్ రచయిత, నవలలు అరవై దాటాయి. ఈమె మనసు మాత్రం 'ఇట్' మీదుంది.

ఇట్ ఇప్పుడే వద్దన్నాను. గొప్ప పుస్తకమే, కానీ ఇంగ్లీషులో వెయ్యి పేజీల పైమాట. పిల్లలుగా ఉన్నప్పటి కథ, 27 ఏళ్ల తర్వాతి కథ రెండూ కలిసి నడుస్తాయి. కింగ్ రాసే తీరు అలవాటు కానివాళ్లు మధ్యలోనే వదిలేస్తారు.

అందుకే మిగతా మూడింటి గురించి చెప్పాను. 'ది షైనింగ్' 1977లో వచ్చింది. మంచు కమ్మి దారులు మూసుకుపోయే కొండ మీది హోటల్‌కు చలికాలమంతా కాపలా ఉండటానికి ఒకాయన భార్యనూ కొడుకునూ తీసుకుని పోతాడు. తాగుడు మానుకున్నవాడు. ఒకప్పుడు కోపంలో పసివాడి చెయ్యి విరిచినవాడు. 1980లో కుబ్రిక్ తీసిన సినిమా చూసి కథ తెలిసిపోయిందనుకోవద్దు, ఆ సినిమా కింగ్‌కే నచ్చలేదు. పుస్తకంలో ఆ తండ్రికి కొడుకంటే ప్రాణం. బాగుపడాలని నిజంగా తాపత్రయపడతాడు. తాగొచ్చే నాన్న కోసం తలుపు వైపు చూస్తూ కూర్చున్న ఇళ్లు మన వీధుల్లో ఎన్ని లేవు? ఆ భయం అర్థం కావడానికి మంచు చూసి ఉండక్కర్లేదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపేసింది మాత్రం 1983 నాటి 'పెట్ సెమెటరీ'. మా ఇల్లు ఎర్రగుంట్ల రోడ్డు పక్కన. పగలూ రాత్రీ సిమెంటు లారీలు, బండల లారీలు. ఆ నవలలోనూ ఇంటి ముందు అలాంటి రోడ్డే. ముందు పిల్లి పోతుంది. చచ్చినదాన్ని తిరిగి తెచ్చే చోటు అడవిలో ఒకటుందని పక్కింటి ముసలాయన ఆ ఇంట్లో ఉండే డాక్టర్‌కు చూపిస్తాడు. తర్వాత ఏం జరుగుతుందో చదివేవాళ్లకు ముందే తెలిసిపోతుంది, అయినా ఆపలేరు. కింగ్ కుటుంబం అలాంటి రోడ్డు పక్కన కాపురమున్నప్పుడు ఆయన కూతురి పిల్లి నిజంగానే బండి కింద పడి చనిపోయింది. నవల రాశాక ఇది మరీ ఘోరంగా ఉందని ఆయనే కొన్నాళ్లు పక్కన పెట్టేశాడు. నేను చదివిన వారం రోజులూ రాత్రి లారీ హారన్ వినిపిస్తే లేచి గేటు గొళ్లెం చూసొచ్చేవాణ్ని.

తులసిదళం చదివి పెరిగిన మనకు హారర్ అంటే క్షుద్రశక్తి ఉండాల్సిందే అనిపిస్తుంది. 1987 నాటి 'మిజరీ'లో దెయ్యం లేదు, మంత్రం లేదు. కారు ప్రమాదంలో కాళ్లు విరిగిన రచయిత, అతణ్ని ఇంట్లో బంధించి తనకు నచ్చినట్టు నవల రాయమనే ఒక మాజీ నర్సు. ముఖ్యంగా ఇద్దరే మనుషులు, దాదాపు ఒకే గది. ఇంగ్లీషు నెమ్మదిగా చదివేవాళ్లకు కూడా కథ చేయి జారదు. టెన్షన్ పేజీ పేజీకీ పెరుగుతుంది. మొదటి పుస్తకంగా నా ఓటు దీనికే. రెండోది షైనింగ్.

పెట్ సెమెటరీ కూడా కావాలంటే నా బీరువాలోది ఇస్తానన్నాను. హాస్టల్లోనే చదువుకోమన్నాను. వాళ్ల అక్కకు రెండేళ్ల బాబు, నడక వచ్చినప్పటి నుంచి గేటు దగ్గరే ఆట. ఆ పుస్తకం ఆ ఇంట్లో పెట్టొద్దని గట్టిగా చెప్పి పంపాను.