పూసల నగల స్టార్టర్ కిట్: పూసలు బాగున్నాయి, తేడా అంతా తీగలోనే

మూత తీయగానే ముచ్చటేస్తుంది. అరలు అరలుగా ప్లాస్టిక్ డబ్బా, రంగురంగుల గాజు పూసలు, మూడు తీగ చుట్టలు, మూడు చిన్న ప్లయర్లు, హెడ్ పిన్నులు (ఒక కొసన తల ఉన్న తీగ ముక్కలు), జంప్ రింగులు (భాగాల్ని కలిపే చిన్న తీగ వలయాలు), చెవి హుక్కులు, గొలుసు కొక్కేలు, పైన ఒక బొమ్మల కాగితం. ఇంట్లో పూసల నగలు చేసుకోవాలనుకునే కొత్తవాళ్ల కోసం అమ్మే ఈ కిట్లు ఏ లేబుల్‌తో వచ్చినా లోపలి సరుకు ఇంచుమించు ఇదే. అందుకే ఈ సమీక్ష ఒక పేరు గురించి కాదు, ఆ డబ్బా గురించి. తీర్పు ముందే చెప్పేస్తాం: పూసలకూ డబ్బాకూ పెట్టిన డబ్బు దండగ కాదు, తీగ, చెవి హుక్కులు మాత్రం వేరే కొనుక్కోవాల్సిందే. లూప్ (పూసని తగిలించడానికి తీగ కొసని గుండ్రంగా తిప్పిన కన్ను) కుదరడం లేదని కొత్తవాళ్లు తమ చేతిని తిట్టుకుంటారు గానీ, ముందు తిట్టాల్సింది ఆ తీగని.

చుట్ట మీద "క్రాఫ్ట్ వైర్" అని రాసి ఉంటుంది. గేజ్, అంటే తీగ మందం చెప్పే అంకె, ఉండదు, ఉన్నా కొలిచి చూసుకోవడం మంచిది. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది: 20 గేజ్ అంటే 0.81 మి.మీ., 22 అంటే 0.64, 24 అంటే 0.51, 26 అంటే 0.40, 28 అంటే 0.32. కొలవడానికి ప్రత్యేకంగా పరికరం అక్కర్లేదు. పెన్సిల్ చుట్టూ సందు లేకుండా పది చుట్లు చుట్టి, ఆ పది చుట్ల వెడల్పును స్కేలుతో చూడండి. 8 మి.మీ. ఉంటే 20 గేజ్, 5 మి.మీ. ఉంటే 24, 4 ఉంటే 26.

తర్వాత లోహం సంగతి. చుట్ట దగ్గర అయస్కాంతం పెట్టండి. అతుక్కుందంటే లోపల ఇనుము: వంచితే వెనక్కి లాగుతుంది, కత్తిరించిన చోట తుప్పు పడుతుంది. అతుక్కోకపోతే కొస కత్తిరించి చూడండి. ఎర్రగా కనిపిస్తే రాగి. లోపలంతా తెల్లగా ఉండి, చుట్ట చేతికి దూదిలా తేలిగ్గా ఉంటే అల్యూమినియం. అల్యూమినియం హాయిగా వంగుతుంది, అంతే హాయిగా తెరుచుకుంటుంది కూడా. బరువైన పూస వేలాడదీస్తే లూప్ నిలవదు. చుట్టిన ఆకారాలకీ పువ్వులకీ అది సరే, లోలాకులకి కాదు. నేర్చుకునే చేతికి రాగి కన్నా మంచిది లేదు. వెండి రంగు, బంగారు రంగు చుట్టలు చాలావరకు పైన పటారం లోన లొటారమే: ప్లయర్ గట్టిగా నొక్కితే పూత లేచిపోతుంది, కత్తిరించిన ప్రతి కొసా లోపలి రంగు బయటపెడుతుంది. అది మోసమేమీ కాదు, పూత తీగ స్వభావమే అంత. కొసని చుట్టు లోపలికి దాచేలా పని చేస్తే కనపడదు.

రాగితో ఒక్క జాగ్రత్త. వంచి, సరిచేసి, మళ్లీ వంచితే తీగ ముందు బిరుసెక్కుతుంది, తర్వాత అదే చోట పుటుక్కున విరుగుతుంది. వంపు తప్పితే ఒక్కసారి సరిచేయండి. రెండోసారీ తప్పితే ఆ ముక్క పక్కన పడేసి కొత్తది తీసుకోండి.

పూసల విషయంలో ఫిర్యాదులు తక్కువ. 6, 8 మి.మీ. గాజు పూసల బెజ్జాలు దాదాపు 1 మి.మీ. ఉంటాయి కాబట్టి 20 గేజ్ కూడా దూరుతుంది. సీడ్ బీడ్స్ (గింజల్లాంటి చిట్టి పూసలు) 2, 3, 4 మి.మీ. అని రాసి ఉంటే అవి వరుసగా దుకాణాల్లో 11/0, 8/0, 6/0 అని రాసే సైజులకి దగ్గర. 2 మి.మీ. పూసలోంచి తీగ రెండుసార్లు పోవాలంటే 28 గేజ్ తీసుకోండి. ముత్యాల బెజ్జాలు చాలా సన్నం. అసలైన ముత్యాలకి 26 గేజ్ కూడా ఒక్కోసారి బిగుస్తుంది. దూరని తీగని బలవంతాన నెట్టకండి, బెజ్జం అంచు పెచ్చులూడుతుంది. కిట్‌లో వచ్చే ముత్యాలు సాధారణంగా గాజు మీద పూత వేసినవే. బెజ్జం చుట్టూ పూత ముడుచుకుని ఉన్నవి ముందే ఏరేయండి, తర్వాత ఊడేది అక్కడి నుంచే. రంగు మీద అనుమానముంటే దూదిని నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తడిపి ఒక పూసని రుద్దండి. దూదికి రంగంటితే అది పైపూత. వాటితో చేసిన నగకి సెంటు తగలనివ్వకండి.

మూడు ప్లయర్లలో గుండ్రటి ముక్కుది పనికొస్తుంది. చదును ముక్కు దానికి లోపల పళ్లుంటే తీగ మీద గాట్లు పడతాయి. రెండు దవడలకీ ఒక వరస మాస్కింగ్ టేపు చుడితే సరి. కట్టర్‌ని జాగ్రత్తగా చూడండి. మంచి కట్టర్‌కి ఒక పక్క చదునుగా, ఇంకో పక్క లోతుగా ఉంటుంది. చదును పక్కని నగ వైపు పెట్టి కత్తిరించాలి, అప్పుడే కొస మొనదేలకుండా వస్తుంది. కిట్ కట్టర్‌తో రెండు వైపులా మొనే వస్తుంటే, మొదట మార్చాల్సిన పనిముట్టు అదే. కత్తిరించేటప్పుడు ముక్క మీద వేలు అడ్డం పెట్టండి, లేకపోతే అది కంటికేసి ఎగురుతుంది.

ఇక కిట్ బాగోగులు తేలేది లూప్ దగ్గరే. బొమ్మల కాగితం దీన్ని మూడు బొమ్మల్లో దాటేస్తుంది, అసలు పనంతా ఇక్కడే ఉంటే.

మామూలు లూప్‌కి హెడ్ పిన్నులో పూస గుచ్చి, పూస పైన 10 మి.మీ. వదిలి మిగతాది కత్తిరించండి. పూసకి ఆనుకున్న చోటే లంబంగా వంచండి. కొసని గుండ్రటి ముక్కుతో పట్టుకుని వంపుకి ఎదురు దిక్కుకి చుట్టండి. ఒక్క తిప్పుకే పూర్తి కాదు. సగం తిప్పి, ప్లయర్ వదిలి, మళ్లీ పట్టుకుని మిగతా సగం తిప్పాలి. లూప్ పూస నడినెత్తిన కూర్చోవాలి. ఒక పక్కకి ఒరిగిందంటే ఆ మొదటి వంపు తక్కువైందని అర్థం. కోడిగుడ్డులా సాగిందంటే చుట్టే మధ్యలో ప్లయర్ ముక్కు మీద తీగ జారింది. జత లోలాకుల్లో ఒక లూప్ పెద్దది, ఒకటి చిన్నది వస్తుంటే ప్లయర్ ముక్కు మీద మార్కర్‌తో గీత గీసి, ప్రతిసారీ ఆ గీత దగ్గరే చుట్టండి.

బరువు మోయాల్సిన చోట మామూలు లూప్ చాలదు, చుట్టు లూప్ కావాలి. దీనికి 24 గేజ్ రాగి. పూస పైన 40 మి.మీ. వదలండి. పూసకి 2 మి.మీ. పైన ప్లయర్ కొసతో పట్టుకుని వంచండి. చుట్లకి చోటు ఆ 2 మి.మీ.లోనే. అది వదలకపోతే తీగ పూసని ఒరుసుకుని గాజు చిట్లుతుంది. లూప్ తిప్పాక, గొలుసుకో హుక్కుకో తగిలించాల్సింది ఉంటే ఇప్పుడే తగిలించండి. చుట్టేశాక దారి ఉండదు. ఈ పొరపాటు ప్రతివాళ్లూ ఒక్కసారైనా చేస్తారు. లూప్‌ని చదును ప్లయర్‌తో పట్టుకుని, మిగిలిన కొసని మెడ చుట్టూ పై నుంచి పూస వైపు మూడు చుట్లు తిప్పండి. 24 గేజ్‌లో మూడు చుట్లు ఒకటిన్నర మి.మీ., అంటే వదిలిన చోటుకి సరిపోతాయి. చుట్ల మధ్య సందులు వస్తుంటే కొసని అడ్డంగా కాక ఏటవాలుగా లాగుతున్నారన్నమాట. చివరగా కొస కత్తిరించి, ప్లయర్ మొనతో లోపలికి నొక్కి, బట్ట మీద రుద్ది చూడండి. దారం పట్టుకుంటే చర్మాన్నీ గీరుతుంది.

రెండు వైపులా చుట్టు లూప్ వేస్తే 8 మి.మీ. పూసకి దాదాపు 9 సెం.మీ. తీగ పోతుంది. 5 మీటర్ల చుట్టకి 55 పూసలు. కిట్ చుట్టల్లో 3 మీటర్లకి మించి లేకపోతే ఒక హారానికే అయిపోతుంది, కొనేటప్పుడు ఈ లెక్క చూసుకోండి.

జంప్ రింగుల్ని ఎప్పుడూ వెడల్పుగా లాగి తెరవకండి. రెండు ప్లయర్లతో పట్టుకుని ఒక కొసని ముందుకి, ఒకదాన్ని వెనక్కి తిప్పండి. మూసేటప్పుడు కొసలు ఒకదాన్నొకటి దాటేలా కాస్త ఎక్కువ తిప్పి వెనక్కి తెస్తే టక్కున కలుస్తాయి. కిట్‌లోని 4 మి.మీ. రింగులు లోలాకులకి చాలు. హారం కొక్కెం దగ్గర మాత్రం 20 గేజ్ తీగతో చేసిన 5 మి.మీ. రింగు వేయండి, సన్న రింగు ఒక్క గుంజుకి తెరుచుకుంటుంది.

చెవి హుక్కుల మీద పూత ఏమిటో డబ్బా మీద రాసి లేకపోతే అవి చెవికి వద్దు. నికెల్ పడనివాళ్లకి దురద, చీము. సర్జికల్ స్టీల్‌లో కూడా నికెల్ ఉంటుంది, కానీ ఆ నికెల్ లోహంలోంచి బయటికి చాలా తక్కువగా వస్తుంది కాబట్టి చాలామందికి సరిపోతుంది. అది కూడా పడనివాళ్లు టైటానియం, నియోబియం వెతుక్కోవాలి.

లూపులతో కలిపే హారం కాక, పూసలన్నీ ఒకే పోగు మీద వరసగా గుచ్చే హారానికి మాత్రం ఈ తీగ చుట్టల్లో ఏదీ వాడకండి. మెత్తటి తీగ ఒకసారి మడత పడితే ఆ మడత పోదు, అక్కడే తెగుతుంది. దానికి సన్నటి ఉక్కు పోగులు పేని నైలాన్ పూత వేసిన బీడింగ్ వైర్ కావాలి. 7 పోగులది కొన్నాళ్లకి వంకర్లు తిరుగుతుంది, 49 పోగులది దారంలా వాలుతుంది. కొసలకి క్రింప్ (నొక్కి బిగించే చిన్న లోహపు గొట్టం) వేసేటప్పుడు పూసలు కదలడానికి 2 మి.మీ. వదులు ఉంచండి, బిగించి గుచ్చిన హారం మెడ మీద కర్రలా నిలబడుతుంది. బ్రాస్‌లెట్‌కి మణికట్టు చుట్టుకొలతకి 2 సెం.మీ. కలపండి, పూసలు 8 మి.మీ. దాటితే ఇంకో సెంటీమీటరు. మొత్తం 18 సెం.మీ. అనుకుంటే కొక్కేనికి 2 పోను మిగిలిన 16లో 6 మి.మీ. పూసలు 26 పడతాయి.

కొన్ని కిట్లలో గుండ్రంగా చుట్టిన మెమరీ వైర్ కూడా ఉంటుంది. లూప్ వేయడం వచ్చినవాళ్లకి అది పది నిమిషాల పని: పూసలు గుచ్చి రెండు కొసలా మడవడమే. కానీ అది గట్టి ఉక్కు. నగల కట్టర్ పెడితే దాని అంచు మీద గంటు పడుతుంది, ఆ తర్వాత రాగి తీగ కూడా నున్నగా తెగదు. దానికి ఇంట్లో ఉండే పెద్ద కటింగ్ ప్లయర్ వాడండి.